కార్బన్ పెట్టని పాటలు

మా నాయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కార్బన్ పెట్టకుండా ఒక్క కాగితం కూడా టైపు కొట్టలేదు. బద్వేలు తాలూకాఫీసులో టైపిస్టు ఆయన. సాయంత్రం ఇంటికొచ్చేసరికి వేళ్ళ చివర్లు నీలంగా ఉండేవి. అన్నానికి కూర్చునే ముందు ఎంత రుద్దుకున్నా గోళ్ళ సందుల్లో ఆ నీలం మిగిలే ఉండేది. ఆఫీసు కాగితాలంటే సరే, మా బడికి రాసే లీవు లెటరుకు కూడా అడుగున కార్బన్ పెట్టేవాడు. "ఒకటే కాగితం ఉంటే అది లేనట్టే లెక్క" అనేవాడు. నేనూ చెల్లెలూ నవ్వుకునేవాళ్ళం.

రిటైరయ్యాక అమ్మా నాయనా ఇద్దరూ నాతో పాటు కడపలో ఉన్నారు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి, అప్పటికింకా పెళ్ళి కాలేదు. నాయన పట్టుబట్టి ఒక కంప్యూటర్ కొనిపించాడు. తెలుగు టైపు మిషన్ అక్షరాలు ఏ మీటల మీద ఉంటాయో అదే వరసలో కంప్యూటర్ మీద కూడా కొట్టొచ్చని తెలిశాక ఆయన్ని పట్టుకోలేకపోయాం. కీబోర్డును కూడా టైపు మిషన్‌ను కొట్టినట్టే కొట్టేవాడు. ఏడాదిలో రెండు కీబోర్డులు మార్చాను.

మొదటిరోజే ఒక మాట అడిగాడు. "దీనికి కార్బన్ యాడ పెడతారప్పా?"

నేను పగలబడి నవ్వాను. "దీనికి కార్బన్ అక్కర్లేదు నాయనా. కొట్టింది లోపలే ఉంటాది, యాడికీ పోదు" అన్నాను. ఆయన నా ముఖం చూసి, సరే అన్నట్టు తలూపాడు. మిషన్ల విషయంలో నా మాట వేదం ఆయనకు. ఫిజిక్సు చెప్పేవాడికి అన్నీ తెలుసనుకునేవాడు, పాపం.

ఆయన కొట్టింది అమ్మ పాటలు. బద్వేలు చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళంటే అమ్మ కోసం ఆటో పంపేవాళ్ళు. నలుగు పెట్టేటప్పుడు ఒక పాట, పెళ్ళికూతుర్ని అత్తవారికి అప్పగించేటప్పుడు ఒకటి, వియ్యపురాలిని ఏడిపించడానికి నాలుగైదు. వాళ్ళమ్మ దగ్గర కొన్ని, వాళ్ళత్త, అంటే మా జేజి దగ్గర కొన్ని నేర్చుకుంది. ఏ పుస్తకంలోనూ లేవు. అమ్మకు రాయడం రాదు. సాయంత్రం కాఫీ అయ్యాక నాయన కంప్యూటర్ ముందు, అమ్మ గడప మీద చేటలో శనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చునేది. ఆమె పాడేది, ఆయన కొట్టేవాడు.

"ఆ ముక్క ఇంకొకసారి చెప్పు."

"పాట చెప్పేది కాదు, పాడేది. నువ్వు ఆపితే మొదట్నుంచీ రావాల."

"మొదలు కొట్టేసినా కదే. మధ్య నుంచి చెప్పు."

"మధ్యలో నుంచి నాకు రాదు."

రోజూ ఇదే గొడవ. నేను పక్క గదిలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఉండేవాణ్ణి. ఆ పాటా, ఆ టకటకా కలిసి నాకు విసుగు పుట్టేది. లేచిపోయి తలుపు వేసుకునేవాణ్ణి. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత దాచానని ఎవరూ అనకుండా. అమ్మ కూడా పోయి శానా ఏళ్ళయింది. ఇప్పుడు దాచుకుని చేసేదేముంది?

ఆ ఫైలుకు ఇంగ్లీషు అక్షరాల్లో 'పాటలు' అని పేరు పెట్టి, కంప్యూటర్ తెరవగానే కనబడేలా పెట్టుకున్నాడు, కళ్ళద్దాలు కిటికీలో పెట్టుకున్నట్టు. లోపల ఎక్కడో పెడితే ఆయనకు మళ్ళీ దొరకదు. "నీ పెళ్ళికి కావలసినవన్నీ ఇందులోనే ఉండాయి, ఒకసారి చదువుకో" అనేవాడు నాతో. పిల్ల దొరకనీ, చూద్దాం అనేవాణ్ణి.

రెండువేల మూడు ఆగస్టులో ఒకరోజు పొద్దున మంచం మీద లేచి కూర్చుని నీళ్ళు అడిగాడు. అమ్మ చెంబు తెచ్చేలోపల అయిపోయింది.

నేను చేయవలసినవన్నీ చేశాను. ఫోన్లు చేశాను, పాడె కట్టేవాళ్ళని పిలిచాను, తలకొరివి పెట్టాను. ఏడుపు రాలేదు. రావాలని కూడా అనిపించలేదు. పంటి డాక్టరు సూది వేశాక బుగ్గ ఎట్లుంటుందో ఒళ్ళంతా అట్లుండేది. ఎవరో నా చెయ్యి పట్టుకుని ఏడిస్తే, ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు చూస్తూ ఉండేవాణ్ణి.

ఆయన పోయిన గదిలోనే మూలన దీపం పెట్టారు. పదకొండో రోజు దాకా ఆరగూడదు. అమ్మ దాని పక్కనే కూర్చుని నూనె పోస్తా ఉండేది. కంప్యూటర్ కూడా ఆ గదిలోనే ఎదుటి గోడకు ఉండేది, మీద నాయన కప్పిన తువ్వాలుతో.

రెండోరోజు చెల్లెలు కువైట్ నుంచి ఫోన్ చేసింది. వాళ్ళాయన అక్కడ డ్రైవరు, తను ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునేది. సెలవు ఇవ్వలేదు వాళ్ళు. చాలాసేపు ఏడ్చింది. నేను రిసీవరు చెవికి పెట్టుకుని గోడ మీద బల్లిని చూస్తూ నిలబడ్డాను.

"అన్నా, నాయన కొట్టిన పాటలు పంపన్నా" అంది చివరికి. "ఈ ఇంట్లో కంప్యూటర్ ఉండాది, మెయిల్ చూసుకోనిస్తారు. పదకొండో దినం లోపల పంపు. మీరంతా ఆడ ఒకచోట ఉంటారు. నాకు ఈడ ఏముండాది? ఆ పొద్దు నేనొక్కదాన్నే కూచోని అవి చదువుకుంటా."

పంపుతానన్నాను.

మూడోరోజు బద్వేలు నుంచి వచ్చిన మా మేనత్త అమ్మను పట్టుకుని ఏడ్చింది. "ఇంక నీ పాట పెండ్లి పందిట్లో ఇనపడదు కదమ్మా" అంది. నాకు అప్పుడే తట్టింది. మొగుడు పోయిన ఆడమనిషి శుభకార్యాల్లో పాడదు. ఇంట్లో ఊరికే కూడా పాడదు. అంటే ఆ పాటలు ఇక ఉన్నది ఆ తువ్వాలు కింద మాత్రమే. తట్టింది గానీ, తట్టిన దానికి నాలో ఏమీ కదల్లేదు. లేచి తువ్వాలు తీశాను.

అప్పట్లో ఇంటర్నెట్ అంటే ఫోన్ వైరును మోడెంకు తగిలించి డయల్ చేయడమే. అది కీచుకీచుమని అరిచేది. చావింట్లో ఆ అరుపుకి పరామర్శకు వచ్చినవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. సిగ్గుపడి గోడ వైపు తిరిగాను. లైను కలిసింది. మెయిల్ తెరుచుకునేలోపల తెర మధ్య ఒక చిన్న పలక వచ్చి నిలబడింది. కంప్యూటర్‌ను మూసేస్తున్నాం, చేసుకున్న పని ఏదైనా ఉంటే భద్రం చేసుకోమని ఇంగ్లీషులో రాసుంది. కింద అరవై సెకన్లు. యాభైతొమ్మిది. యాభైఎనిమిది. దేన్ని నొక్కినా ఆగలేదు. సున్నా దాకా లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. దానంతటదే ఆరిపోయి మళ్ళీ వెలిగింది. మళ్ళీ లైను కలిపాను. మళ్ళీ అరవై.

మా నాయనకు ఆ అరవై సెకన్లు కూడా ఇవ్వలేదు అనుకున్నాను. కోపం రావాల్సిన చోట ఇట్లాంటి లెక్కలు వచ్చేవి నాకు ఆ రోజుల్లో.

అమ్మ తరఫు దూరపు చుట్టం ఒకాయన కడపలోనే కంప్యూటర్ల రిపేరు షాపు పెట్టుకుని ఉండేవాడు. నాకంటే చిన్నవాడు, నన్ను బావా అనేవాడు, అమ్మను అత్తా అనేవాడు. అయిదోరోజు పరామర్శకు వచ్చాడు. సంగతి చెబితే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"ఇది ఊరంతా ఉండాది బావా" అన్నాడు మెల్లగా, దీపం వైపు చూస్తూ. "పురుగంట. మనం ఏం ముట్టుకోనక్కర్లేదు, ఫోను వైరు తగిలిస్తే శాలు, దానంతటదే దూరతాది. షాపులో ఈ వారమంతా ఇవే."

గంటసేపు ఏదో చేశాడు. "లోపలుండేదాన్ని తీసేసినా" అన్నాడు. ఫోన్ వైరు పీకి, చేతికి చుట్ట చుట్టి, బీరువా పైన పెట్టాడు. తర్వాత దీపానికి దండం పెట్టుకుని, అమ్మ ముందు కాసేపు తలొంచుకుని నిలబడి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. నాతో ఒక్క మాట కూడా అనలేదు. అది తప్పు కాదు. చావింటి నుంచి పోయేటప్పుడు ఎవరూ చెప్పిపోరు. పోయొస్తానంటే మళ్ళీ అలాంటి పనికే రావలసి వస్తుందని మా వైపు భయం. అందరూ అట్లే లేచి వెళ్ళిపోతారు, మనం చూసీ చూడనట్టుంటాం.

తీసేశానన్నాడు కదా, అయిపోయిందనుకున్నాను. బీరువా మీది వైరు ఏదో సర్ది పెట్టినట్టే అనిపించింది.

ఆరు, ఏడు రోజులు వచ్చేపోయేవాళ్ళతో గడిచిపోయాయి. ఎనిమిదోరోజు మధ్యాహ్నం, చుట్టాలు భోజనాలు చేసి నడుం వాల్చాక, స్టూలెక్కి వైరు దించి తగిలించాను. లైను కలిసింది. మెయిల్ తెరుచుకుంది. పాటల ఫైలును ఎక్కించడం మొదలుపెట్టాను. దానితో పాటు ఆ తెలుగు అక్షరాల ఫాంటును కూడా పంపాలి, లేకుంటే అక్కడ పిచ్చిగీతలు కనిపిస్తాయి. రెండూ కలిసి ఎక్కడానికి చాలా నిమిషాలు పట్టేలా ఉంది. సగం కాకముందే ఆ పలక వచ్చింది. అరవై. యాభైతొమ్మిది.

మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ. తొమ్మిదిసార్ల దాకా లెక్కపెట్టి ఆపైన మానేశాను. ఒక్కోసారి పలక వెంటనే వచ్చేది, ఒక్కోసారి పది నిమిషాలు రాదు. ఆ ఆశతోనే కూర్చున్నాను. ఒకసారి ఇంకా గోరంత మిగిలుండగా వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ మధ్యాహ్నం నాకు బాగానే ఉంది. పదిమంది ముఖాలు చూడనక్కర్లేదు. చేయడానికి ఒక పని ఉంది, అది కాకపోవడానికి కారణం నేను కాదు.

మేనత్త నిద్రలేచి వచ్చింది. "ఎప్పుడు జేసినా ఫోను ఎంగేజేనంట. మా ఇంటాయన సాయిబు కొట్టుకాడ నిలబడి నాలుగుసార్లు జేసి, కడకు మీ పక్కింటోళ్ళకు జేసి చెప్పినాడంట. అంతసేపు ఎవురితో మాట్లాడతాండావప్పా?" అంది. అయిపోయిందత్తా, ఒక్క నిమిషం అన్నాను. దీపం దగ్గర నుంచి అమ్మ నన్నే చూస్తోంది.

చివరిసారి ఆరిపోయింది మళ్ళీ సరిగా వెలగలేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, ఏదో ఫైలు లేదనో పాడయిందనో. ఎన్నిసార్లు ఆపి పెట్టినా అవే అక్షరాలు. తువ్వాలు కప్పేశాను.

మర్నాడు ఆ చుట్టపాయన వచ్చాడు. చేతిలో ఒక సీడీ, పాత పేపర్లో చుట్టి ఉంది. తువ్వాలు తీసి, వైరు చూసి, నావైపు తిరిగాడు.

"వైరెందుకు తగిలించినావు బావా?"

"తీసేసినా అన్నావు కదప్పా."

"లోపలుండేది తీసేసినా. అది వచ్చే సందు అట్లే ఉండాది కదా, దాన్ని మూసేకే ఈ సీడీ. కర్నూల్లో మావాని దగ్గర ఉంటే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపమన్నా. రెండు బస్సులు చూసినా, మూడోదాంట్లో వచ్చింది. దానికే ఇన్ని దినాలు పట్టింది."

"ఆ మాట ఆ పొద్దే చెప్పకూడదా? తగిలించొద్దని ఒక్క మాట!"

పదకొండు రోజుల్లో నేను గొంతు పెంచింది ఆ ఒక్కసారే. అతను అమ్మ వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"తగిలించొద్దంటే ఎన్నాళ్ళని అడుగుతావు. నేను మళ్ళా వచ్చేదాకా అనాల. చావింట్లో మళ్ళా వస్తానని ఎట్లనేది బావా? అత్త ఎదురుగా ఉండాది, దీపం ఎలుగుతాండాది. అందుకే చుట్ట చుట్టి బీరువా మీద పెడితి. అర్థమైతాదిలే అనుకుంటి."

అతని స్థానంలో ఉంటే నేనూ అనేవాణ్ణి కాదు.

కంప్యూటర్ డబ్బాను గోనెసంచిలో చుట్టి స్కూటరు మీద షాపుకు తీసుకుపోయాడు. మైలలో ఉన్నాను కాబట్టి నేను వెంట పోలేదు. సాయంత్రం నాలుగింటికి ఫోన్ చేశాడు. నా ముందు వంటమనిషి కూర్చుని ఉన్నాడు, పదకొండో రోజుకు గుమ్మడికాయలు ఎన్ని కావాలో మేనత్తకూ అతనికీ కుదరడం లేదు.

"బావా, ఇంక ఫార్మాట్ కొట్టాల, సీ డ్రైవంతా తుడిచేసి మళ్ళా ఎక్కించాల. డీ డ్రైవును ముట్టుకోను. సీలో కావల్సినవి ఏమన్నా ఉండాయా?"

డీలో నా క్వశ్చన్ పేపర్లున్నాయి. సీలో నేనెప్పుడూ ఏమీ పెట్టలేదు. నాయన పాటలు సీలోనూ లేవు, డీలోనూ లేవు, బయట తెర మీద ఉన్నాయి. అట్లే అనుకున్నాను. ఫిజిక్సు చెప్పేవాణ్ణి. ఒక్క క్షణం ఆగి, నాయన పాటలున్నాయి చూడప్పా అని ఉంటే సరిపోయేది. అతనే ఎక్కడున్నా వెతికి తీసేవాడు. ఆ మాట నోటిదాకా కూడా రాలేదు. గుమ్మడికాయలు మూడు చాలన్నాను వంటమనిషితో. ఫోన్లో, "సీలో ఏం లేవు. కొట్టెయ్" అన్నాను.

పదోరోజు డబ్బా తిరిగొచ్చింది. తెర మీద పచ్చటి గడ్డి, నీలాకాశం, మా సీమలో ఎవరూ చూడనంత పచ్చదనం. నాయన కాగితం లేదు.

"ఈడ ఒక ఫైలుండేది" అన్నాను వేలు పెట్టి చూపిస్తూ.

అతను నా వేలు వైపు చూసి మౌసు వదిలేశాడు. "బయట కనపడేటివి కూడా సీలోనే ఉంటాయి బావా."

అక్కడే కూర్చుని రెండు గంటలు వెతికాడు. పాతదాని మీద కొత్తది ఎక్కించేశాక దొరకడం కష్టమన్నాడు, అయినా వెతికాడు. చివరికి ఆ సీడీ పెట్టి సందు మూశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో పక్కన కూర్చుని చూశాను. ఆ తర్వాత ఆ కంప్యూటర్‌కు ఉన్నన్నాళ్ళూ ఏ పురుగూ పట్టలేదు, పట్టినా తినడానికి అందులో ఏమీ లేదు. అతను లేచి, దీపానికి దండం పెట్టి, చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నాయన ట్రంకు పెట్టె దించాను. ఏం వెతుకుతున్నానో నాకే తెలియదు. అడుగున వాడని కార్బన్ కాగితాలు, డబ్బాకు డబ్బా, ఇంకా నీలంగా, వాసనేస్తూ ఉన్నాయి. కార్బన్ అక్కర్లేదు నాయనా అన్నది నేనే. మూత పెట్టేశాను.

పదకొండోరోజు అంతా సక్రమంగా జరిగింది. గుమ్మడికాయలు సరిపోయాయి. అమ్మకు తెల్లచీర పెట్టారు. చుట్టాలు తిన్నవాళ్ళు తిన్నట్టే చెప్పకుండా లేచి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం మూడింటికి ఫోన్ మోగింది. చెల్లెలని తెలుసు. రెండు రింగుల దాకా దాన్నే చూస్తూ నిలబడ్డాను. అమ్మ లేచి వచ్చి ఎత్తింది. నేను ఆమెకింకా ఏమీ చెప్పలేదు. కానీ ఆ గదిలోనే పదకొండు రోజులు కూర్చుంది, రెండు చెవులూ ఉన్నాయి.

అవతల చెల్లెలు ఏమడిగిందో నాకు వినబడలేదు.

"లేదమ్మా" అంది అమ్మ. "మీ నాయన ఇంకా సగమే కొట్టినాడంట. పూర్తి కాకుండా పంపితే ఆయనకు నచ్చదు కదా. ఏడవాకు. అన్నం తిన్యావా?"

పెట్టేసి, వచ్చి దీపం దగ్గర కూర్చుంది. ఇక ఆరిపోయినా పరవాలేదు, అయినా అలవాటుగా వత్తి ఎగదోసింది.

"అన్నీ పోయినాయా?" అని అడిగింది.

"అన్నీ పోయినాయమ్మా. నేనే కొట్టెయ్యమన్నా."

"ఎన్ని కొట్టింటాడు ఆయన?"

"తెలీదు."

"ముందర ఏ పాట పెట్టినాడు?"

"తెలీదమ్మా."

అమ్మ నావైపు తిరిగింది. "ఒకటన్నా చదివినావా నువ్వు?"

లేదన్నాను.

కోపం తెచ్చుకోలేదు ఆమె. నా ముఖంలో దేనికోసమో వెతికినట్టు కాసేపు చూసింది.

"అయితే నీదేం పోలేదులేప్పా" అంది. "లే, పొద్దుటి నుంచీ ఏం తినలేదు నువ్వు."

అన్నం పెట్టింది. తిన్నాను.